కూర్మయ్య బండకి ఒక ఫొటో

కోటబొమ్మాళిలో నాదొక ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు, పోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టడం, ఇవీ నా పనులు. ఇన్నేళ్లలో నా కెమెరా మీద పడిన నీళ్లంటే పెళ్లివారు చల్లిన పన్నీరే. అలాంటి నా దగ్గరికి పోయిన మాఘమాసంలో భావనపాడు నుంచి ఎల్లాజీ వచ్చి, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా అడిగాడు.

"బావా, సముద్రం అడుగున ఫొటో తియ్యాలంటే ఏ కెమెరా కొనాల?"

ఆ సమయానికి నా ఎదురుగా స్టూలు మీద కాబోయే పెళ్లికొడుకొకడు గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. వాడు ఫక్కున నవ్వాడు. ఆ ఫొటో పాడైంది. అందులో వాడు ఎన్నడూ లేనంత బాగున్నాడనుకోండి, అది వేరే సంగతి. వాళ్ల నాన్నకి మాత్రం నచ్చలేదు.

ఎల్లాజీ నన్ను బావా అంటాడు గానీ మాకు చుట్టరికం లేదు. మాది వరి పండించే ఇల్లు, వాళ్లది సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇల్లు. టెక్కలిలో ఇంటరు కలిసి చదివాం, కలిసి తప్పాం. ఆ తప్పడంలో కలిసిన బంధుత్వమే ఇది. నేను కెమెరా పట్టుకున్నాను. వాడు విశాఖపట్నం వెళ్లి, టూరిస్టులకి సముద్రంలో స్కూబా డైవింగు చేయించే ఒక సంస్థలో పడవ మీద కూలీగా చేరాడు. వీడి ఈత చూసి వాళ్లే వీపుకి సిలిండరు కట్టి, నోట్లో గొట్టం పెట్టి, నీటి కింద ఊపిరి తీయడం నేర్పారు. చాన్నాళ్లు అక్కడ కొత్తగా పెళ్లయినవాళ్ల చేతులు పట్టుకుని చేపలు చూపించాడు. మొగుడు భయపడి పైకి తేలిపోతే పెళ్లాన్ని ఒక్కదాన్నే తిప్పి తెచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయట. ఆ పైన మొగుళ్లు వీడికి టిప్పు ఇచ్చేవారు కారట.

తరవాత ఊరికి తిరిగొచ్చాడు. బోటు పంకాకి వల చుట్టుకుంటే ఇప్పుడు వీడినే పిలుస్తారు. పాత సిలిండరొకటి కట్టుకుని, కత్తి నోట కరుచుకుని దిగి కోసి వస్తాడు. మొదటిసారి ఆ నల్ల రబ్బరు సూటు వేసుకుని ఒడ్డుకి నడిచిన రోజున ఊళ్లో కుక్కలన్నీ వెంటపడ్డాయి. పరుగెత్తుదామంటే కాళ్లకి రబ్బరు రెక్కలు. వెనక్కి వెనక్కి అడుగులేస్తూ సముద్రంలో పడ్డాడు. అప్పటి నుంచీ వాడు సిలిండరు ఎల్లాజీ.

"నాకు నీళ్ల సంగతి తెలీదురా. అయినా నీకెందుకిప్పుడు కెమెరా?" అన్నాను పెళ్లికొడుకుని పంపేసి.

"మావకి," అన్నాడు.

మావ అంటే కూర్మయ్య. ఎల్లాజీకి మేనమామ, పెంచినవాడు, పిల్లనిచ్చిన మామగారు కూడా. భావనపాడు సముద్రంలో, ఒడ్డు నుంచి బాగా లోపలికి వెళ్లాక, నీటి కింద ఒక బండ ఉందని కూర్మయ్య చెప్పేవాడు. బండల చుట్టూ చేప చేరుతుంది కాబట్టి, బండ దొరికినవాడు ఆ చోటు అన్నదమ్ములకైనా చెప్పడు. అది అక్కడి ఆచారం. కూర్మయ్య తన బతుకంతా ఆ బండ మీదే గాలం వేశాడు. తాడుకి కట్టిన సీసపు గుండు అడుక్కి తగిలినప్పుడు వేలికి తెలిసే అదురుని బట్టి, చూడని బండని ఒంటి చేత్తో తడిమి తడిమి తెలుసుకున్నాడు. "ఉత్తరం పక్క మెట్లు మెట్లుగా దిగుతాదిరా. దచ్చినాన గుహలాగుంటాది. దాన్లో బొంత సేపలు పడుకుంటాయి, ఒక్కోటీ మేకపోతంత," అని భోజనాల దగ్గర చెప్పేవాడు. ఎక్కడుందో మాత్రం చెప్పేవాడు కాడు. పెళ్లినాడు అల్లుడు కాళ్లకి దణ్ణం పెట్టి అడిగినా చెప్పలేదు.

నిరుడు ఆయన కళ్లు పోవడం మొదలైంది. నీటికాసులు అన్నారు శ్రీకాకుళం డాక్టర్లు. చుట్టుపక్కల చూపు పోయి నడిమధ్యన మాత్రం మిగిలింది. వెదురుగొట్టంలోంచి చూసినట్టుంటుందని ఆయనే చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, చుక్కల మందు మానకండి, అని పంపేశారు. బస్టాండులో టీ తాగుతూ ఎల్లాజీ అడిగాడట.

"మావా, ఉన్న సూపుతో ఏటైనా సూడాలనుందా? పూరీ జగన్నాథుడి దగ్గిరికి ఎల్దామా?"

"జగన్నాథుడి కళ్లు పెద్దవి. ఆడే నన్ను సూత్తాడు," అన్నాడట కూర్మయ్య. టీ అంతా తాగాక మెల్లిగా, "నా బండని ఒక్కసారి సూపించరా," అన్నాడట. అని, అల్లుడి చెవి దగ్గరికి వంగి, ఎన్నేళ్లుగానో ఎవరికీ చెప్పని గుర్తులు చెప్పేశాడు. మహేంద్రగిరి పక్కన చిన్న కొండ నెత్తి తాటితోపు కొసన ఉన్న తాడి మీద కూర్చోవాలి. ఇటు చూస్తే నౌపడా ఉప్పు కొఠారు కప్పు సరుగుడు తోట సందులో కనిపించాలి. ఆ రెండూ ఒకేసారి కుదిరిన చోట, కింద బండ.

"పాల్గునం, సైత్రం దాటితే మన సముద్రం నీలు మళ్లీ బురదే బావా. అప్పటికి మావ కళ్లు ఎలాగుంటాయో," అన్నాడు ఎల్లాజీ. అంతవరకు నవ్వుతూ ఉన్నవాణ్ణి, నేను మరి నవ్వలేదు.

*

నాకు తెలీదు కనక తెలిసినవాడి దగ్గరికే వెళ్లాం. విశాఖపట్నంలో ఎల్లాజీకి నీటి విద్య నేర్పినవాళ్లలో యుగంధర్ అని ఒక కుర్రాడున్నాడు. కుర్రాడంటే మాకన్నా చిన్న, పెళ్లయింది. విజయనగరం వాడు. టేబులు మీద తువ్వాలు పరిచి, దాని మీద అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న కెమెరా పెట్టాడు.

"అన్నా, మొదటి కెమెరా ఇంతకన్నా పెద్దది వద్దు. ఇది వెడల్పుగా చూస్తుంది. నువ్వు బండకి బాగా దగ్గరికి వెళ్లినా చాలా మేర పడుతుంది. నీకూ ఫొటో తీసేదానికీ మధ్య నీళ్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. నీళ్లలో దూరం పనికిరాదు. దీనికో లైటు కొనుక్కో. లైటుని ఎదురుగా వేయకు, పక్కకి చాపి పట్టుకో. ఎదురుగా వేశావంటే నీళ్లలో ఉన్న నలకలన్నీ మెరిసి, పిండి జల్లినట్టు వస్తుంది. అడుక్కి పోయేకొద్దీ ఎరుపు రంగు కనబడదు, లైటుంటే అదీ వస్తుంది."

నేను బుద్ధిగా తలూపాను. ఎల్లాజీ ఆ కెమెరాని రెండు వేళ్లతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పెట్టేశాడు.

"దీన్ని అట్టుకెల్తే, బీడీల పెట్టి తెచ్చినావేటిరా అంటాడు మావ."

"మామగారికి కెమెరా కాదు కదన్నా, ఫొటో చూపించేది."

ఎల్లాజీ వినడం లేదు. వాడి చూపు మూల బీరువా మీదకి పోయింది. అక్కడ ఎవరో అమ్మకానికి వదిలేసిన కెమెరా ఒకటుంది. ముందుకి సాగే పొడుగాటి ముక్కు. దాని కోసం మందపాటి గాజులాంటి ప్లాస్టిక్కు డబ్బా, చుట్టూ రబ్బరు రింగు, ఇత్తడి క్లిప్పులు. చూడ్డానికి చంద్రుడి మీదకి పంపే సామానులాగుంది.

"అది ఎంత దూరం లాగుతాది?"

"గట్టు మీదైతే అవతలి కొండ మీద మేకని చూపిస్తుంది. నీళ్లలో మాత్రం..."

"అదే కావాల," అన్నాడు ఎల్లాజీ.

ఇక్కడ వేటవాళ్ల సంగతొకటి చెప్పాలి. వాళ్లలో గౌరవమంతా దూరం చూసేవాడిది. ఒడ్డున ఇసక మెట్ట మీద నిలబడి, సముద్రం మీద చారెడు రంగు మారితే, అది చేప గుంపని పసిగట్టి, తువ్వాలు ఊపి పెద్దవలని ఎటు వేయాలో చెప్పేవాడికి ఒక పాలు అదనం. దగ్గరగా చూడ్డం ఎండుచేపలు ఏరే ఆడవాళ్ల పని అనుకుంటారు మగవాళ్లు. దగ్గరికి వెళ్లి చూసే కెమెరా, అదీ అగ్గిపెట్టంతది, భావనపాడులో ఏ మగవాడు కొంటాడు? యుగంధర్ రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పాడు. చివరికి నిట్టూర్చి, "సరే, ఈ రబ్బరు రింగు మాత్రం ప్రాణంలా చూసుకో. దీని మీద వెంట్రుక పడినా నీళ్లు లోపలికి వచ్చేస్తాయి," అని డబ్బా చేతిలో పెట్టాడు.

బస్సులో తిరిగొస్తూ ఎల్లాజీ ఆ డబ్బాని ఒళ్లో పసిపిల్లాడిలా పడుకోబెట్టుకున్నాడు. పక్క సీటు ఆవిడ ఏమిటని అడిగితే, "కెమెరా. సముద్రం అడుగుకి," అన్నాడు. ఆవిడ లేచి వెళ్లి వేరే సీట్లో కూర్చుంది.

*

పరీక్ష వాళ్లింటి పెరట్లో, చేపలు కడిగే, అవతలివి కనిపించే ప్లాస్టిక్కు తొట్టిలో జరిగింది. ఎల్లాజీ డబ్బాని భుజాల దాకా చేతులతో ముంచి మీట నొక్కాడు. చుట్టూ సగం వీధి చేరింది. బయటకి తీసి చూస్తే, అన్నీ తొట్టి అవతల నిలబడ్డవాళ్ల కాళ్లు, బాగా దగ్గరగా. "ఇది జగ్గమ్మ మడమ!" "ఈ గోరు నీదే, సున్నం అంటింది సూడు!" అంటూ ఆడాళ్లు పడీ పడీ నవ్వారు. కూర్మయ్య అరుగు మీంచి, "ఏట్రా ఆ గోల, బండ దొరికిందా?" అని అరిచాడు. "దొరకలేదు మావా, పిక్కలు దొరికినాయి," అన్నాడు ఎల్లాజీ. ఆ మధ్యాహ్నమంతా నవ్వులే. ఈ కథలో అంత నవ్వు ఇక రాదు, అందుకే చెప్పాను.

ఫాల్గుణం రాగానే యుగంధర్ రెండు సిలిండర్లు తెచ్చుకుని వచ్చాడు. నీటి కిందకి ఒక్కడే వెళ్లకూడదని వాళ్ల నియమం. ఒడ్డున నిలబడి ఎలా చూస్తానని నేనూ బయల్దేరాను. పడవ అలలు దాటిన కాసేపటికే, తరతరాలుగా వరి తిన్న నా కడుపు, ఆ అన్నాన్ని సముద్రానికి తిరిగి ఇచ్చేయడం మొదలెట్టింది. "బాగున్నాది బావా, ఎర ఏస్తన్నావు," అన్నాడు ఎల్లాజీ. నేను తల పడవ అంచు మీద పెట్టి, తాటితోపు వైపు చూస్తూ పడుకున్నాను.

తాటితోపు అనడమే గానీ తోపు లేదు. కూర్మయ్య వేట మానేశాక వచ్చిన తిత్లీ తుఫానులో పడిపోగా నాలుగైదు మొండాలు మిగిలాయి. కొసన ఉన్న తాడి ఏదో ఎవరికి తెలుసు? సరుగుడు తోట కూడా కొట్టేశారు. కూర్మయ్య చెప్పిన గుర్తుల్లో కొండ ఉంది, ఉప్పు కొఠారు ఉంది, మధ్యలో అవి ఆనుకోవలసినవి లేవు. ఎల్లాజీ మొండాలని లెక్క చూసి, అంచనా వేసి, మామ సీసపు గుండుని తాడుతో వదులుతూ, లాగుతూ, పొద్దెక్కేదాకా తిప్పాడు. చివరికి గుండు ఠక్కుమంది. పడవ కొంచెం జరిపి వదిలాడు. కొంచెం లోతున మళ్లీ ఠక్కు. ఇంకొంచెం జరిపాడు. ఇంకొంచెం లోతున ఠక్కు.

"మెట్లు," అన్నాడు.

ఇద్దరూ దిగారు. నేను బుడగలు చూస్తూ కూర్చున్నాను. అంతలోనే, అనుకున్నదాని కన్నా చాలా ముందు, ఇద్దరూ పైకి తేలారు. ఎల్లాజీ డబ్బాని నా చేతికందించాడు. అందులో సగం దాకా సముద్రం ఉంది. కెమెరా పొడుగాటి ముక్కు ఆ నీళ్లలో మునిగి ఉంది.

యుగంధర్ క్లిప్పులు విప్పాడు. లోపల కెమెరా నెత్తి మీద, గుండ్రంగా, దిద్దినట్టు కుంకుమ బొట్టు. దాని రంగు కరిగి కారుతోంది. రబ్బరు రింగు మీద పసుపు రాసిన బియ్యపు నూక ఒకటి, గోటికొసంత.

అప్పుడర్థమైంది. కొత్త వలయినా, కొత్త పడవైనా, కొత్త గాలమైనా, పసుపు కుంకుమ పెట్టి అక్షింతలు వేసి గంగమ్మకి చూపించకుండా నీట్లో దింపరు. ఎల్లాజీ భార్య మరిడమ్మ అదే చేసింది. కాకపోతే ఆవిడ తెలివైంది. పైన బొట్టు పెడితే నీళ్లలో కొట్టుకుపోతుంది కదా, లోపల పెడితే చెక్కుచెదరదు కదా అని, తెల్లారకముందే లేచి, డబ్బా విప్పి, కెమెరాకే బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు చల్లి, మళ్లీ జాగ్రత్తగా మూసి పెట్టింది. తండ్రి కళ్ల కోసం.

ఎల్లాజీ ఆ నూకని వేలితో తీశాడు. మా ఇద్దరి వంకా చూశాడు. నోట్లో వేసుకుని మింగేశాడు.

"రింగు పాతది కదా. అరిగిపోయి ఉంటాది. ఇంటికాడ అలాగే సెప్పండి," అన్నాడు.

మేం అలాగే చెప్పాం. మరిడమ్మ నమ్మిందో లేదో తెలీదు. డబ్బా కడుగుతానని తీసుకుని, చాలాసేపు కడిగింది. "ఆ ఇసాపట్నం బాబు పాత రింగు అంటగట్టినాడా? పెళ్లాం పిల్లలున్నోడు," అని యుగంధర్ ఎదుటే అంది. యుగంధర్ తల దించుకుని, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. ఆ పిల్లాడి మీద నాకు గౌరవం అప్పుడు కలిగింది.

"కిందేటున్నాది?" అని అడిగాడు కూర్మయ్య.

"నీలు మబ్బుగున్నాయి మావా. సెయ్యి సాపితే సెయ్యి కనపడలేదు. బండ మాత్రం తగిలినాది."

"తగల్డం నాకూ తగిలినాది, నలబై ఏళ్లు," అన్నాడు కూర్మయ్య. "సూపించమన్నాను గానీ తగిలించమన్నానేటి?"

*

యుగంధర్ తన అగ్గిపెట్టె కెమెరాని, లైటుని ఎల్లాజీకి వదిలి వెళ్లాడు. ఈసారి ఎల్లాజీ దాన్ని బీడీల పెట్టె అనలేదు. తొట్టిలో, చెరువులో, ఉప్పుకాలవలో ముంచి, దగ్గరగా తీయడం నేర్చుకున్నాడు. మరిడమ్మ ఆ కెమెరాని ముట్టుకోలేదు. కనీసం అది పెట్టిన గూటి వైపు వెళ్లలేదు.

ఉగాది వెళ్లాక, వేట నిషేధం మొదలై మర బోట్లన్నీ ఒడ్డున నిలిచిపోయాక, ఒక వారం సముద్రం అద్దంలా తేరింది. యుగంధర్ మళ్లీ వచ్చాడు. నేను వెళ్లలేదు, నా కడుపు ఒప్పుకోలేదు. సాయంత్రానికి ఎల్లాజీ స్టూడియోకి వచ్చాడు. కెమెరాలోని కార్డు నా చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుని, గోడ మీద పెళ్లికూతుళ్ల వంక చూస్తూ ఉండిపోయాడు.

కంప్యూటరులో తెరిచాను. ఫొటో ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. ప్రతి గీతా తేటగా పడింది. లైటు పక్క నుంచి పట్టాడు, నలకన్నది లేదు. చెప్పినట్టే చేశాడు. తీసింది ఏమిటంటే, నీలం రంగు వల. బండ మీద వల, వల మీద వల. తెగిపోయి తగులుకున్న మర బోట్ల వలలు, ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పడి, బండని మూటగట్టినట్టు కట్టేశాయి. ఉత్తరం పక్క మెట్లు, వల కింద మడతల్లాగ కనిపిస్తున్నాయి. దక్షిణాన గుహ నోరు వలతో కుట్టేసి ఉంది. వల కన్నుల్లో చేపల ముళ్లు. బతికున్నదంటూ ఒక పీత మాత్రం, అదీ చిక్కుకుని.

"నా కాడున్న కత్తితో కోసినాను. సిలిండరు అయిపోయేదాకా కోసినాను. దుప్పటంత ఊడింది," అన్నాడు ఎల్లాజీ. "అది తియ్యాలంటే మనుషుల వల్ల కాదు బావా. యుగంధర్ కూడా అదే అన్నాడు."

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"నువ్వు పెళ్లిళ్లకి మచ్చలు తుడిచేస్తావు కదా. ఆ వల తుడిచెయ్యగలవా?"

తుడిచేయగలను. పొట్టిపెళ్లికొడుకుల్ని పొడుగు చేశాను, కొట్లాడుకున్న తోడల్లుళ్లని పక్కపక్కన నిలబెట్టాను. వల ఎంత? కూర్చుని మొదలెట్టాను. ఒక మూల నుంచి నీలాన్ని తీసేస్తూ వచ్చాను. తీసిన చోట ఏం పెట్టాలి? వల కింద బండ ఎలా ఉంటుందో ఫొటోలో లేదు. ఎవరికీ తెలీదు. కూర్మయ్య వేళ్లకి తప్ప. సగం తుడిచేసరికి, తెర మీద బూడిదరంగు మచ్చ ఒకటి మిగిలింది.

"ఇంటర్నెట్టులోంచి చేపలు తెచ్చి అతికించమంటావా? రంగురంగులవి దొరుకుతాయి," అన్నాను. నా మాట నాకే నచ్చలేదు.

"మన సేపలు కావవి. ఉన్న కాస్త సూపుతోనే కనిపెట్టేత్తాడు," అన్నాడు ఎల్లాజీ. "వద్దులే. ఉన్నదున్నట్టు తియ్యి. ఆయన సూస్తానన్నది ఆ బండనే కదా."

నా దగ్గరున్న పెద్ద కాగితం మీద ప్రింటు తీశాను.

*

మర్నాడు పొద్దున్న అరుగు మీద ఎండ బాగా పడే చోట కూర్మయ్యని కూర్చోబెట్టారు. తల దువ్వించుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, ఎవరింటికో పెళ్లిచూపులకి వెళ్లేవాడిలా. మరిడమ్మ గుమ్మంలో నిలబడింది. నేను ఫొటో ఇచ్చాను.

ఆయన దాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, కొద్దికొద్దిగా పక్కకి జరుపుతూ చూశాడు. గొట్టం చూపు కదా, ఒక్కసారి మొత్తం కనిపించదు. ఒక మూల, ఇంకో మూల, మళ్లీ మొదటి మూల.

"ఇదేటి, నీలంగా?"

"వల మావా."

"ఎవుల్ది?"

"మర బోట్లది. తెగి పడిపోయినాది."

కూర్మయ్య కాగితాన్ని కిందికి జరిపాడు. "బొంతలు?"

ఎల్లాజీ కాగితం దగ్గరికి వంగి, వేలు పెట్టి చూపించాడు. "ఇవి మెట్లు, మావా. ఇదిగో, నువ్వు సెప్పినట్టే. ఒకటి, దాని కింద ఒకటి."

"మెట్లు ఏ బండకి లేవురా?" అన్నాడు కూర్మయ్య. కాగితాన్ని ఒళ్లో బోర్లా పెట్టాడు. "ఇది నా బండ కాదు."

"మావా, గుండేసి సూసినాను. గుహ కూడా..."

"కాదన్నాను కదా. ఏటి నువ్వు నాకు సెప్తావు? నలబై ఏళ్లు నాను తడిమిన దాన్ని నాకు సూపిస్తావా? తాటిసెట్లు పడిపోయినాయంటన్నావు. కొస తాడి లేకుండా నీకు గుర్తెలాగ కుదురుతాది? ఎవుడిదో దిక్కుమాలిన బండ మీదకి ఎల్లావు నువ్వు." ఆయన గొంతు పెరిగింది. వీధిలో ఎవరో ఆగారు. "సెత్త మోసుకొచ్చి నా బండంటావా? నా బండ మీద వల పడితే నాకు తెలీదా?"

ఎల్లాజీ నా వంక చూశాడు. మరిడమ్మ వంక చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తెలిసి ఎల్లాజీ మంకుపట్టు మనిషి. ఇంటరు తప్పినప్పుడు కూడా దిద్దినవాళ్లదే తప్పని ఏడాదిపాటు వాదించాడు.

"అవును మావా," అన్నాడు. "తప్పినాను. ఇది కాదు."

"అది. ఆ మాట ముందే సెప్పొచ్చు కదా," అన్నాడు కూర్మయ్య. ఫొటోని ఒళ్లోంచి తీసి అల్లుడికిచ్చి, "దీన్ని అవతల పారెయ్," అన్నాడు.

ఎల్లాజీ పారెయ్యలేదు, దాచుకోనూ లేదు. నాకిచ్చేశాడు. నేనేం చేసుకోను? స్టూడియోలో ఉంచితే, బేరానికి వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతున్నారు. బీరువా వెనక్కి తోసేశాను.

వైశాఖం వచ్చేసరికి నీళ్లు మళ్లీ బురదయ్యాయి. చుక్కల మందు వేస్తూనే ఉన్నారు. దసరా నాటికి కూర్మయ్యకి ఎండ ఎటు ఉందో మాత్రం తెలుస్తోంది. దీపావళికి దీపం ముందు పెట్టినా తెలియలేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి కూడా తీసుకెళ్లారు. అక్కడా శ్రీకాకుళంలో చెప్పిందే చెప్పారు, కొంచెం మర్యాదగా. యుగంధర్ కెమెరా యుగంధర్‌కి వెళ్లిపోయింది. నీళ్లు మింగిన కెమెరాని ఎల్లాజీ బాగుచేయించలేదు. సొంతానికి ఇంకోటి కొనలేదు. ఇంక కొనడు కూడా, ఎవరికి చూపించాలని?

వాడు బండ దగ్గరికి ఇంకోసారి వెళ్లాడని యుగంధర్ చెబితే తెలిసింది. దుప్పటంత కోసి తీసిన చోట కొత్త వల పడి ఉందట, ఆకుపచ్చది.

మొన్న నేను భావనపాడు వెళ్లాను. చుట్టాల పెళ్లి ఆల్బం ఇవ్వడానికి. కూర్మయ్య అరుగు మీదే ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని, "ఎవురూ, పొటోల బాబా? కడుపు బాగున్నాదా?" అని నవ్వాడు. అంతలో ఎల్లాజీ సిలిండరు భుజాన వేసుకుని, తడి గుడ్డలతో ఎవరిదో పంకాకి చుట్టుకున్న వల విప్పి వచ్చాడు. ఆ వాసనకే ఆయనకి తెలిసిపోయింది.

"దొరికిందేట్రా?"

"దొరకలేదు మావా."

"దొరకదు," అన్నాడు కూర్మయ్య, అటు ఇటు చూడని కళ్లతో, ఎంతో తృప్తిగా. "నా బండ అంత సులువుగా దొరుకుతాదేటి? గుర్తులు మళ్లీ సెప్తాను, కూకో. మహేంద్రగిరి పక్కన సిన్న కొండ ఉన్నాది కదా..."

ఎల్లాజీ సిలిండరు దించి, అరుగు కింద మెట్టు మీద కూర్చుని, ఊఁ కొట్టడం మొదలెట్టాడు.